గోడౌన్ గోడ మీద కరెంటు కంచె: ప్రాణం పోకుండా, కేసు రాకుండా ఎలా వేయించుకోవాలి

గోడ మీద తీగ లాగించే ముందు ఒక కాగితం తీసుకుని ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి: దొంగ కాకుండా ఈ తీగను ఇంకెవరు తాకవచ్చు?

బంతి కోసం గోడెక్కే పిల్లవాడు, వేప కొమ్మ నరకడానికి వచ్చిన కూలీ, స్తంభం ఎక్కి దిగే లైన్‌మన్, పక్క ఖాళీ స్థలంలో మేసే గేదె, జోరువానలో గేటు తీసే మీ వాచ్‌మన్, మంటలు లేచిన రాత్రి గోడ దూకి లోపలికి రావాల్సిన అగ్నిమాపక సిబ్బంది. మీది గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ కావచ్చు, నిజామాబాద్‌లో పసుపు గోడౌన్ కావచ్చు, ఊరి చివర సోలార్ ప్లాంటు కావచ్చు, ఈ జాబితా పెద్దగా మారదు. దొంగ ఏడాదికి ఒకసారి వస్తాడో రాడో తెలియదు. వీళ్లు మాత్రం రోజూ ఆ గోడ పక్కనే ఉంటారు. కింద చెప్పే ప్రతి పనీ ఈ కాగితంలో ఉన్నవారి కోసమే. దాన్ని పారేయకండి, చివరిదాకా అవసరం పడుతుంది.

మొదటి పని: స్విచ్‌బోర్డు కరెంటు ఆలోచనను పూర్తిగా వదిలేయండి

అడవిపందుల బెడదకు పొలం చుట్టూ తీగ కట్టి నేరుగా మోటారు కరెంటు ఇవ్వడం, తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనిషి ఆ తీగకే బలైపోవడం మన రెండు రాష్ట్రాల్లోనూ మళ్లీ మళ్లీ వింటున్న వార్త. కొన్నిసార్లు చనిపోయేది తీగ కట్టిన రైతే, లేదా ఆయన కొడుకే. అదే పద్ధతిని ఊళ్లోకి తెచ్చి షెడ్డు గోడ మీద పెట్టేవారు ఉన్నారు. ఎవరు చెప్పినా, ఎంత తక్కువ ఖర్చన్నా ఆ పని చేయకండి.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. ఇంట్లో కరెంటు 230 వోల్టులే, కంచె మిషన్ తీగలో ఏడెనిమిది వేల వోల్టులుంటాయి, మరి చంపేది రెండోది కదా? కాదు. ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుస్తూ ఆగకుండా ప్రవహిస్తుంది. తీగను పట్టుకున్న చేతి కండరాలు బిగుసుకుపోతాయి. వదలాలనుకున్నా వేళ్లు తెరుచుకోవు. ఆ కొద్ది సెకన్లలోనే గుండె లయ తప్పుతుంది. కంచె కోసం తయారైన మిషన్, అంటే ఎనర్జైజర్, అలా పనిచేయదు. సెకనులో వెయ్యో వంతు లెక్కన కొలవాల్సినంత చిన్న దెబ్బ కొట్టి, దాదాపు ఒక సెకను పాటు పూర్తిగా ఆగిపోతుంది. ఆ విరామంలో మనిషి చేయి వెనక్కి లాక్కోగలడు. వోల్టేజీ ఎక్కువైనా అందులో ఉండే శక్తికి కట్టుదిట్టమైన హద్దు ఉంది. మనిషిని బతికించేది ఆ హద్దూ ఆ విరామమూ.

చట్టం కూడా ఇదే తేడాను చూస్తుంది. చెరుబిన్ గ్రెగరీ, బిహార్ రాష్ట్రం మధ్య కేసులో సుప్రీంకోర్టు 1963లో ఇచ్చిన తీర్పు ప్రతి గోడౌన్ యజమానీ తెలుసుకోవాల్సినది. పొరుగింటివారు తన మరుగుదొడ్డి వాడుకుంటున్నారని ఒకాయన దారికి అడ్డంగా తొడుగు లేని రాగి తీగ కట్టి, ఇంటి వైరింగ్ నుంచి కరెంటు ఇచ్చాడు. హెచ్చరిక ఏదీ పెట్టలేదు. పొరుగింటి మహిళ దానికి తగిలి చనిపోయింది. ఆమె అనుమతి లేకుండా వచ్చింది, నా ఆస్తిని నేను కాపాడుకున్నాను అన్న వాదన కోర్టులో నిలవలేదు. అనుమతి లేకుండా అడుగుపెట్టినంత మాత్రాన ఎవరి ప్రాణానికీ రక్షణ పోదు. నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమైతే పాత శిక్షాస్మృతిలో గరిష్ఠంగా రెండేళ్లు ఉన్న జైలు శిక్ష, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్‌లో ఐదేళ్లకు పెరిగింది. తెలిసి చేశారని తేలితే 105వ సెక్షన్ కింద ఇంకా పెద్ద నేరమవుతుంది. ఆ తీగకు కరెంటు స్తంభం మీద కొక్కెం వేసి తెచ్చుకుంటే విద్యుత్ చట్టం 2003లోని 135వ సెక్షన్ కింద కరెంటు చౌర్యం కేసు అదనం.

రెండో పని: మిషన్ కొనేటప్పుడు ఏం అడగాలి

దుకాణంలో ఎనర్జైజర్‌ను కొందరు జట్కా మిషన్ అంటారు, కొందరు సోలార్ ఫెన్సింగ్ మిషన్ అంటారు. పేరు ఏదైనా మీరు అడగాల్సింది ఒకటే: ఇది ఐఎస్ 302-2-76 ప్రకారం తయారైందా? ఇది కంచె ఎనర్జైజర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ పెట్టిన ప్రమాణం. దీనికి సరిసమానమైన అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60335-2-76. ఈ సంఖ్య మిషన్ మీద ముద్రించి ఉందో లేదో స్వయంగా చూడండి, పరీక్ష నివేదిక నకలు అడగండి. నోటిమాట సరిపోదు.

ప్రమాణంలో మూడు సంఖ్యలను గుర్తుపెట్టుకుంటే చాలు. దెబ్బలు సెకనుకు ఒకటికి మించకూడదు. ఒక్కో దెబ్బ 10 మిల్లీసెకన్లకు మించకూడదు. 500 ఓమ్‌ల నిరోధం పెట్టి కొలిచినప్పుడు ఒక్కో దెబ్బలో శక్తి 5 జౌళ్లకు (జౌల్ అంటే శక్తిని కొలిచే ప్రమాణం) మించకూడదు. దుకాణదారు "మాది పది జౌళ్ల మిషన్, పవర్‌ఫుల్" అని గర్వంగా చెబితే, అది ఏ లోడు మీద, అంటే ఎన్ని ఓమ్‌ల నిరోధం పెట్టి కొలిచిన లెక్కో రాసివ్వమనండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి. నిజానికి నాలుగైదు వందల మీటర్ల గోడకు అంత శక్తి అవసరమే పడదు.

వ్యాపార స్థలానికి షాక్ కంటే ముఖ్యమైనది అలారం. తీగ తెగినా, ఎవరైనా దాన్ని గోడకు ఆనించినా సైరన్ మోగి, ఫోనుకు సందేశం వచ్చే మిషన్ తీసుకోండి. షాక్ దొంగను ఒక నిమిషం ఆపుతుంది. వాచ్‌మన్‌ను లేపేది సైరనే. బడ్జెట్ తక్కువైతే జౌళ్లు తగ్గించుకోండి కానీ అలారం వదులుకోకండి.

బ్యాటరీతో మాత్రమే నడిచేలా తయారైన మిషన్‌ను కంపెనీ చెప్పని చార్జర్ ద్వారా మెయిన్స్‌కు, అంటే స్విచ్‌బోర్డు కరెంటుకు, కలపకూడదు. చార్జర్‌లో లోపం వస్తే 230 వోల్టులు నేరుగా తీగలోకి వెళ్లే ప్రమాదం ఉంది. అప్పుడు మొదటి పనిలో వద్దన్నదే తెలియకుండా చేసినట్లవుతుంది.

మూడో పని: పేపర్లు

వైరింగ్ పని ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌తోనే చేయించండి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు ఇదే చెబుతాయి. 2010 నాటి ఆ నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి. కంచె అమర్చే మనిషికి, మెయిన్ బోర్డు నుంచి మిషన్‌కు లైన్ వేసే మనిషికి తేడా ఉంటుంది. రెండోవారికి లైసెన్సు తప్పనిసరి. ఆ నంబరు బిల్లు మీద రాయించుకోండి.

తర్వాత డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో అసిస్టెంట్ ఇంజినీరుకు, మీ ప్రాంత ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ కార్యాలయానికి, గ్రామపంచాయతీకి లేదా మున్సిపాలిటీకి రాతపూర్వకంగా తెలియజేసి అందినట్లు ముద్ర వేయించుకోండి. లేఖలో స్థలం నక్షా, గోడ ఎత్తు, మిషన్ ప్రమాణం సంఖ్య, దగ్గరలోని కరెంటు లైన్లు, స్విచ్ ఎక్కడుందో రాయండి. పోలీస్ స్టేషన్‌కూ అగ్నిమాపక కేంద్రానికీ ఒక్కో నకలు ఇవ్వండి. ఇదంతా ఒకటి రెండు రోజుల తిరుగుడు. అయినా చేయండి. రేపు ఏదైనా జరిగితే మీరు దాచి చేయలేదని చెప్పడానికి ఆ ముద్రలే సాక్ష్యం.

ఇరుగుపొరుగు వారికి మాత్రం కాగితం పంపకండి, స్వయంగా వెళ్లి చెప్పండి. వాళ్ల పిల్లలను గోడ దగ్గరికి తీసుకొచ్చి చూపించండి.

నాలుగో పని: తీగ ఎక్కడ, ఎంత దూరంలో

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, అందుకే తీరిగ్గా చెబుతాను.

బయటి జనానికీ షాక్ తీగకూ మధ్య ఒక భౌతికమైన అడ్డు ఉండాలి. దాని ఎత్తు కనీసం 1.5 మీటర్లు, అంటే దాదాపు ఐదు అడుగులు. మామూలు ప్రహరీ గోడ అంతకన్నా ఎత్తే ఉంటుంది కాబట్టి గోడ పైన తీగలు వేసేవారికి ఇబ్బంది లేదు. గోడ లేక జాలీ కంచె మీద వేసేవారు మాత్రం జాగ్రత్త పడాలి: చేయి దూరే సందులున్న జాలీకి ఆనుకుని షాక్ తీగ వేస్తే అడ్డు ఉన్నా లేనట్లే. పిల్లవాడి చేయి ఎంత సన్నగా ఉంటుందో గుర్తుంచుకుని కొలవండి.

గోడ పైన బిగించే ఇనుప చట్రాలను లోపలి వైపు వంచండి. బయటికి వంచితే తీగలు రోడ్డు మీదకో పక్కవాడి స్థలంలోకో వస్తాయి. గోడ మీ సొంతమే అయినా, మీది కాని గాలిలో తీగ వేసే హక్కు మీకు లేదు.

ముళ్లతీగకు, బ్లేడ్ల చుట్టలకు ఎప్పుడూ కరెంటు ఇవ్వకండి. ముల్లు బట్టకో చర్మానికో పట్టుకుంటే మనిషి వెనక్కి రాలేడు. సెకనుకో దెబ్బ తగులుతూనే ఉంటుంది. ఎనర్జైజర్ భద్రమైనది అనడానికి ఉన్న ఒక ముఖ్య కారణం మనిషి విడిపించుకోగలడన్నది. ముళ్లతీగ ఆ కారణాన్నే తీసేస్తుంది.

ఒకే కంచెకు రెండు మిషన్లు కలపకండి. రెండింటి దెబ్బలు ఒకదాని వెంట ఒకటి పడి మధ్యలో విరామం పోతుంది. స్థలం పెద్దదై రెండు వేర్వేరు మిషన్లతో రెండు భాగాలు వేస్తే, ఆ రెండు కంచెల తీగల మధ్య 2.5 మీటర్ల దూరం వదలండి. అక్కడ కరెంటు లేని ముక్కతో ఖాళీ పూరించండి. ఒక మనిషి రెండు చేతులతో రెంటినీ ఒకేసారి తాకే వీలు ఉండకూడదు.

పైన వెళ్లే కరెంటు లైన్ల కింద తీగ వేయకుండా ఉండటమే మంచిది. తప్పకపోతే మామూలు ఎల్‌టీ (తక్కువ వోల్టేజీ) లైన్‌కు 3 మీటర్లు, 11 కేవీ, 33 కేవీ (11 వేల, 33 వేల వోల్టుల) లైన్లకు 4 మీటర్లు, అంతకంటే పెద్ద లైన్లకు 8 మీటర్లు ఎడం ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. పైగా అలాంటి చోట కంచె తీగ భూమి నుంచి 3 మీటర్ల ఎత్తు దాటకూడదు. డిస్కం ఇంజినీరు ఇంతకంటే ఎక్కువ దూరం చెబితే ఆయన మాటే పాటించండి. గాలివానకు పై లైన్ తెగి మీ తీగ మీద పడితే ఆ క్షణంలో మీ గోడ మొత్తం అసలు కరెంటు తీగ అవుతుంది. అందుకే ఈ దూరాల్లో బేరం లేదు.

గేటు దగ్గర తీగలను గేటు తీసేవారి చేతికి షాక్ తగలని విధంగా అమర్చాలి. మీ కాగితంలో వానలో గేటు తీసే వాచ్‌మన్‌ను రాశారు కదా, ఇది ఆయన కోసం.

ఐదో పని: ఎర్తింగ్, కేబుళ్లు, మొక్కలు

కంచె బలహీనంగా ఉందంటే పదిసార్లలో ఎక్కువసార్లు తప్పు మిషన్‌లో ఉండదు, ఎర్తింగ్‌లో ఉంటుంది. దెబ్బ మనిషి గుండా భూమిలోకి వెళ్లి తిరిగి మిషన్‌కు చేరితేనే వలయం పూర్తవుతుంది. కంచెకు విడిగా ఎర్త్ రాడ్లు వేయించండి. మూడు రాడ్లను మూడు మీటర్ల ఎడంలో దించి కలపడం వాడుకలో ఉన్న పద్ధతి. ఈ ఎర్త్ మీ భవనం ఎర్త్‌కు, టెలిఫోన్ ఎర్త్‌కు కనీసం 10 మీటర్ల దూరంలో ఉండాలి. రెండూ ఒకటే చేస్తే కంచె దెబ్బలు ఆఫీసులో కంప్యూటర్ డబ్బా మీదా, నీళ్ల మోటారు మీదా చిటపటలాడతాయి.

భవనం లోపలా నేల కిందా వెళ్లే తీగకు ఎక్కువ వోల్టేజీకి తట్టుకునే ప్రత్యేక కేబుల్ వాడాలి. ఇంటి వైరింగ్ వైరు 10 వేల వోల్టులకు పనికిరాదు. ఆ కేబుల్‌ను కరెంటు వైర్లు, సీసీ కెమెరా వైర్లు వెళ్లే పైపులోనే దూర్చకండి. గోడ మీద ఇన్సులేటర్లు ఎండకు పగలని రకం కావాలి. సైకిల్ ట్యూబు ముక్కలు కట్టి ఇన్సులేటర్లుగా వాడిన గోడ ఒకటి నేను చూశాను. రెండు వేసవులకు రబ్బరు పెళుసై, మొదటి వానకు తీగ ఇనుప చట్రానికి ఆనుకుని చట్రమంతా షాక్ కొట్టింది. మిషన్‌కు ముందు ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే పడిపోయే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) పెట్టించండి. అయితే ఆర్‌సీసీబీ మెయిన్స్ వైపు లోపాన్ని పట్టుకుంటుంది తప్ప కంచె తీగ తాకిన మనిషి కోసం పడిపోదు. అది ఉంది కదా అని కంచె విషయంలో ధీమా పడొద్దు. తొలకరికి ముందే పిడుగు రక్షణ పరికరం కూడా బిగించాలి.

గోడకు పాకే తీగ మొక్కలను నెలకోసారి కోయించండి. తడి ఆకు తీగను తాకినప్పుడల్లా శక్తి భూమిలోకి కారిపోతుంది, అలారం ఉత్తినే మోగుతుంది. ఉత్తినే మోగే అలారాన్ని వాచ్‌మన్ వారం తిరగకుండా ఆపేస్తాడు.

ఆరో పని: బోర్డులు

కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల వెడల్పు. పసుపు రంగు మీద నల్ల అక్షరాలు. గోడకు లోపలి నుంచీ బయటి నుంచీ కనబడాలి. ప్రతి గేటు దగ్గర, ప్రతి ప్రవేశం దగ్గర, ఆపైన పది మీటర్లకు ఒకటి. అక్షరాలు మాత్రమే సరిపోవు. మన గోడౌన్లలో బస్తాలు మోసేవారిలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు. చదవలేని పిల్లలూ ఉన్నారు. తీగను తాకుతున్న చేయి, మెరుపు గుర్తు ఉన్న బొమ్మ తప్పనిసరి. మాటలు తెలుగులో, హిందీలో ఉండాలి. రసాయనాల గోడౌన్ అయితే ఆ ప్రమాద సూచిక పక్కనే ఈ బోర్డు కూడా ఉండాలి, అగ్నిమాపక సిబ్బంది రెంటినీ ఒకేసారి చూస్తారు.

అమెరికాలో దుకాణాలో గిడ్డంగులో నడుపుతున్న మనవారు తమ రాష్ట్ర చట్టం విడిగా చూసుకోవాలి. ఉదాహరణకు కాలిఫోర్నియా సివిల్ కోడ్ 835వ సెక్షన్ ఇలాంటి కంచెను నివాస ప్రాంతాల్లో అనుమతించదు. మిగతా చోట్ల కూడా బయట మరో కంచె, 30 అడుగులకో హెచ్చరిక, గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారికి విడిగా సూచన అడుగుతుంది. కంచె ఎత్తుకూ హద్దు పెడుతుంది.

ఏడో పని: రోజూ నడపడం

ఒక పుస్తకం పెట్టండి. వారానికోసారి కంచెకు చివరి మూలలో వోల్టేజీ కొలిచి తేదీతో రాయించండి. దీనికి కంచె వోల్ట్‌మీటర్ విడిగా దొరుకుతుంది. మామూలు మల్టీమీటర్, స్క్రూడ్రైవర్ టెస్టర్ వాడకండి. ఏ వారం ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు, ఏ ఇన్సులేటర్ మార్చారు అన్నీ అందులోనే ఉండాలి.

మిషన్‌ను ఆపే స్విచ్ ఎక్కడుందో పగటి వాచ్‌మన్‌కూ రాత్రి వాచ్‌మన్‌కూ, హమాలీ మేస్త్రీకీ తెలియాలి. చెట్టు కొట్టించేటప్పుడు, గోడకు సున్నం వేయించేటప్పుడు, లైన్‌మన్ వచ్చినప్పుడు ముందు స్విచ్ ఆపి, తాళం వేసి, తాళంచెవి పనివాడి జేబులో పెట్టండి. మరిచిపోయి ఎవరో మళ్లీ వేసేస్తారన్న భయం అప్పుడు ఉండదు.

ఎవరైనా తీగ దగ్గర పడిపోయి కనబడితే ముందు స్విచ్ ఆపాలి, చేత్తో లాగకూడదు. పైన లైన్ తెగి పడిందన్న అనుమానం ఉంటే దగ్గరికి వెళ్లకుండా 1912కు ఫోను చేసి సరఫరా ఆపించాలి. ఆ తర్వాత 108. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. షాక్ చిన్నదైనా గోడ మీద నుంచి పడితే తలకు, వెన్నుకు దెబ్బ ఉండవచ్చు కాబట్టి లేచి నిలబడ్డాడని పంపించేయకండి. ప్రమాదం జరిగితే దాచకూడదు. మనిషికైనా పశువుకైనా ప్రాణం పోతే తెలిసిన 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కు సమాచారం, 48 గంటల్లో రాతపూర్వక నివేదిక వెళ్లాలి.

పారిశ్రామికవాడ సంఘంలోనో పంచాయతీలోనో మీరు బాధ్యతలో ఉంటే

ఒక్కో యజమాని మంచితనం మీద వదిలేయకండి, పేజీన్నర తీర్మానం చేయండి. ప్రమాణం సంఖ్య లేని మిషన్ కంచెకు వాడరాదు. మెయిన్స్ తీగ కనబడితే అదే రోజు డిస్కంకు ఫిర్యాదు. రోడ్డు వైపు బోర్డులు లేకపోతే కంచె ఆపాలి. ఏడాదికోసారి వానలకు ముందు లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ తనిఖీ చేసి సంతకం చేయాలి. బడి, ఆటస్థలం, అంగన్‌వాడీ పక్క గోడల మీద షాక్ తీగకు బదులు అలారం తీగ మాత్రమే. ఈ చివరి మాట మీద కొందరు పోట్లాడతారు. పట్టు విడవకండి, మీ కాగితంలో మొదటి పేరు బంతి కోసం గోడెక్కే పిల్లవాడిదే.

గోడౌన్ అద్దెకు ఇచ్చినా అమ్మినా కంచె పుస్తకం, మిషన్ పత్రాలు, తాళంచెవులు అన్నీ కొత్తవారి చేతిలో పెట్టి, ఒకసారి గోడ చుట్టూ నడిచి స్విచ్ చూపించండి. ఇక కంచె వద్దనుకుంటే మిషన్ ఆపి వదిలేయకండి. తీగలు దింపించండి, ఎర్త్ రాడ్లు పీకించండి, అదే రోజు పసుపు బోర్డులు కూడా విప్పించండి. కరెంటు లేని గోడ మీద బోర్డు మిగిలితే ఆ వీధి పిల్లలు దాన్ని తాకి చూసి ఏమీ కాలేదని నేర్చుకుంటారు. రేపు పక్క గోడ మీద అదే బోర్డు కనబడినా ఆగరు.